నెత్తళ్ల మీద పడ్డ నింద

మా కారులో కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదటిసారి వచ్చింది ఎండలు ఇంకా ముదరని రోజుల్లో. జువ్వలదిన్నె నుంచి బిట్రగుంటకు తిరిగి వస్తున్నాం. నేను తోలుతున్నాను. పక్కన మా ఆవిడ. వెనక సీటు మీద వాళ్లక్క కట్టించి ఇచ్చిన ఎండు నెత్తళ్ల పొట్లం. వాసన ఎక్కడిదో వెతకాలని నాకు తోచనే లేదు. అద్దాలు దించి, "మీ అక్క ఈసారి సరిగ్గా ఎండకముందే కట్టించినట్టుంది" అన్నాను.

"మా అక్క ఎండబెట్టించిన చేప చెడిపోవడం నేను పుట్టినాక చూడలా" అంది మా ఆవిడ, ముఖం కిటికీ వైపు తిప్పుకుని.

ఇంటికి రాగానే డైరీ తీసి, "కారులో దుర్వాసన. నెత్తళ్లు" అని రాసుకున్నాను. నేను రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. బండి ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగింది అని రాయడమే ఆ ఉద్యోగంలో సగం. ఉద్యోగం అయిపోయినా చెయ్యి ఊరుకోలేదు. వాన పడిన రోజు, పాలవాడు రాని రోజు, కారులో గాలి కొట్టించిన రోజు, అన్నీ రాస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత వాసన వచ్చినప్పుడల్లా రాశాను. కొన్ని వారాలకు పేజీలు వెనక్కి తిప్పి చూస్తే సంగతి స్పష్టంగా కనిపించింది. వాసన వచ్చింది బుధవారాలూ శనివారాలే. అంటే జువ్వలదిన్నె వెళ్లిన రోజులు. అంటే నెత్తళ్లు వచ్చిన రోజులు. మిగతా రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? నా పద్ధతి మీద నాకే కాస్త గర్వం కూడా కలిగింది.

మిగతా రోజుల్లో కారు షెడ్డులోంచి కదలదన్న సంగతి నాకు తట్టలేదు. చర్చి మా పక్క వీధిలోనే. కూరగాయలు ఇంటి ముందుకే వస్తాయి. ఆ కారు ఉన్నది వారానికి రెండుసార్లు జువ్వలదిన్నె పోయి రావడానికే.

ఎందుకంటే మా వదిన అక్కడ మంచంలో ఉంది. మా ఆవిడకు అక్క, వయసులో నాకూ పెద్దది. నిరుడు పెరట్లో పాచి మీద కాలు జారి పడితే తుంటి విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది గానీ నడక రాలేదు. కొడుకు పడవ మీద పోతాడు, కోడలు హార్బరు దగ్గర చేపల పనికి పోతుంది. కోడలు మంచిదే. అన్నం పెడుతుంది, పక్క మారుస్తుంది. కానీ తలకు పోసి దువ్వే పని మాత్రం వదిన ఆమెను చెయ్యనివ్వదు. వాళ్లమ్మ చిన్నప్పుడే పోయింది. అప్పటి నుంచి ఈ అక్కచెల్లెళ్లు ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ పెరిగారు. పెళ్లిళ్లయి వేరే ఊళ్లకు పోయినా కలిసిన రోజున ముందు దువ్వెన బయటికి వచ్చేది. ఇప్పుడు అక్క తనంతట తాను లేచి కూర్చోలేదు కాబట్టి చెల్లెలే వెళ్లాలి.

ఆ చెల్లెలికేమో మోకాళ్లు వంగవు. ఒకసారి షేర్ ఆటో ఎక్కబోయి, ఎక్కలేక, దిగలేక, డ్రైవరూ నేనూ చెరొక వైపు పట్టుకుని దించాం. అదే ఆఖరు. కారులో అయితే సీటు వెనక్కి జరిపి కాళ్లు చాపుకుంటుంది. కారు లేకపోతే జువ్వలదిన్నె లేదు. ఆ కారుకు పదిహేనేళ్లు నిండబోతున్నాయి. రిజిస్ట్రేషన్ మళ్లీ రెన్యువల్ చేయించాలి, దానికి ముందు పొగ పరీక్ష పాసవ్వాలి. పాస్ కాకపోతే తుక్కుకే. ఈ వయసులో ఇంకో కారు కొనే ఆలోచన గానీ స్తోమత గానీ మాకు లేవు.

అయినా అప్పటికి నా బాధ వాసన ఒక్కటే. ఒక బుధవారం బయల్దేరబోతుంటే కోడలు ఎప్పటిలాగే పొట్లం తెచ్చింది. "ఇకనుంచి వద్దమ్మా. కారు వాసనొస్తోంది" అన్నాను, వీలైనంత మెల్లగా.

వసారాలో మంచం మీద నుంచి వదిన విన్నది. ఆమెకు కాళ్లు పనిచేయవు గానీ చెవులు బాగా పనిచేస్తాయి.

"ఏం మరిదీ! తినేదానికి నోరుండాది, మోసేదానికి ముక్కు అడ్డమొచ్చిందా?"

"అది కాదు వదినా, నా లెక్క ప్రకారం..."

"నీ లెక్కలు రైళ్లకు పెట్టుకో. ముప్పయ్యేళ్లుగా మా ఇంటి చేపలు మీ ఇంటికొస్తాండాయి. ఇప్పుడు కంపు కొట్టినాయా?" అని, గోడ వైపు తిరిగే వీలు లేదు కాబట్టి కళ్లు మూసుకుంది. ఆ ఇంటి నుంచి ఎవరూ వట్టి చేతులతో వెళ్లరు. పోస్టుమాన్‌కు కూడా గుప్పెడు ఎండు రొయ్యలు కాగితంలో చుట్టి ఇస్తారు. మేం ఆ రోజు వట్టి చేతులతో కారెక్కాం.

ఊరు దాటి రెండు మలుపులు తిరగ్గానే వాసన గుప్పుమంది.

మా ఆవిడ ఎంతో నెమ్మదిగా అడిగింది. "ఏమండీ, ఇవాళ పొట్లం లేదు గదా. మరి ఈ వాసన ఎవరిది? మీదా, నాదా?"

నేను కారు పక్కకు ఆపాను. వెనక సీటు కింద చూశాను, డిక్కీ తెరిచి చూశాను. ఏమీ లేదు. దిగి వెనక నిలబడితే తెలిసింది, వాసన సైలెన్సరు గొట్టంలోంచి వస్తోంది. మళ్లీ ఎక్కి బయల్దేరాను. ఇంకో సంగతి కూడా ఆ రోజే గమనించాను. రైలు కట్ట మీది వంతెన ఎక్కేటప్పుడు కారు రెండో గేరులో కూడా మూలుగుతోంది. కొన్నాళ్లుగా మూలుగుతూనే ఉంది, నేను దాన్ని ముసలితనం కింద జమకట్టాను. మీటర్ల దగ్గర ఇంజను బొమ్మ పసుపు దీపం నెలలుగా వెలుగుతున్నా, పాత కార్లకు అది మామూలేనని ఎవరో అంటే నమ్మాను.

మరునాడు పెట్రోలు బంకు పక్కన పొగ పరీక్ష చేసే వ్యానుకు తీసుకెళ్లాను. గొట్టంలో పుల్లలాంటిది పెట్టి కంప్యూటర్ చూసి, ఆ మనిషి పెదవి విరిచాడు. ఫెయిల్. పొగలో విషం ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉందన్నాడు. నా ముఖం చూసి జాలిపడ్డట్టున్నాడు.

"ఏం కాదు సార్. ఈసారి మీరు బండి తేబాకండి. ఇంకో బండి పెట్టి మీ నంబరు కొట్టేస్తా. పాసైపోద్ది."

నేను వద్దన్నాను. గొప్ప కోసం కాదు. గూడ్సు బండి బయల్దేరే ముందు పెట్టెల వెంట నడిచి, ఒక్కొక్క బ్రేకు పట్టిందని చూసుకున్నాకే గార్డు కాగితం మీద సంతకం పెట్టాలి. ఎర్రటి ఎండలో, వానలో కూడా నడిచేవాణ్ణి. అలవాటు పడ్డ కాళ్లు కూర్చుని సంతకం పెట్టడానికి ఒప్పుకోవు.

కావలిలో మాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. మా చర్చి వాళ్ల బళ్లన్నీ అతని దగ్గరికే వెళ్తాయి. ఇద్దరం వెళ్లాం. అతను పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి, రేజ్ చేసి, వెనక్కి పోయి గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి చూసి వచ్చాడు.

"కన్వర్టర్ సార్. ఊపిరాడ్డం లా."

అదేమిటో అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య, కారు అడుగున, ఒక ఉక్కు డబ్బా ఉంటుంది. దాని లోపల తేనెపట్టులాగా సన్న సన్న గదులున్న పింగాణీ దిమ్మ. ఇంజను వదిలే పొగ ఆ గదుల్లోంచి పోయేటప్పుడు అందులోని విషం కాలిపోతుంది. గదులు మసి పట్టి పూడుకుపోతే పొగ బయటికి పోలేదు, ఇంజను లాగలేదు. కుళ్లిన గుడ్డు వాసన కూడా అక్కడి నుంచే.

"కొత్తది వేస్తే?" అన్నాను.

"కంపెనీది వేస్తే కారు అమ్మినా దాని డబ్బులు రావు సార్. చవకగా అయ్యే పని ఒకటుండాది. డబ్బా కోసి, లోపలుండేది దులిపేసి, మళ్లీ వెల్డింగ్ కొట్టేస్తా. గంట పని. వంతెన మీద పులి మాదిరి లాగుద్ది. శానామంది చేయించుకుంటాండారు. లోపల సరుకును కొనేవాళ్లు కూడా ఉండారు, మీకే ఎదురు డబ్బులొస్తాయి."

గంట పని, ఎదురు డబ్బులు. నేను సగానికి పైగా ఒప్పుకున్నట్టే తలాడించాను. అప్పటిదాకా ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్న మా ఆవిడ అడిగింది.

"విషం కాల్చేది తీసి పారేస్తే, ఆ విషం యాడికి పోద్ది నాయనా?"

"గాల్లోకి పోద్దమ్మా. యాడికి పోద్ది?"

"మా అక్క మంచం వసారాలో ఉండాది. ఈయన కారు తీసుకుపోయి సరిగ్గా ఆమె తలకాడ ఆపతాడు. తిప్పుకునేదానికి ముందుకీ వెనక్కీ పదిసార్లు పోతాడు. వద్దులే నాయనా. ఇంకేదన్నా దారుంటే చెప్పు."

నాకు ఆ మాట తట్టలేదు. పొగ పరీక్ష అంటే ఆఫీసు వాళ్ల బాధ అనుకున్నాను గానీ, ఆ గొట్టం ఎదురుగా పడుకుని ఉన్న మనిషి గుర్తు రాలేదు. ఉద్యోగమంతా గూడ్సు బండి చివరి పెట్టెలో కూర్చుని ఇంజను పొగ పీల్చినవాణ్ణి, ఆ మాత్రం తెలియాల్సింది.

మెకానిక్ తల గోక్కున్నాడు. కారును జాకీ మీద లేపి, రబ్బరు సుత్తితో డబ్బా మీద రెండు మూడుసార్లు కొట్టి చెవి పెట్టాడు. "గలగలలాడ్డం లా. అంటే లోపల పగల్లేదు, పూడుకుపోయిందంతే. ఒక ప్రయత్నం చెయ్యొచ్చు. పనిచేస్తాదని మాత్రం నేను చెప్పను సార్." తర్వాత ప్లగ్గులు విప్పి పేపరు మీద వరసగా పెట్టాడు. మూడు బూడిద రంగులో ఉన్నాయి. నాలుగోది నల్లగా, తడిగా ఉంది. అది సరిగ్గా మండక, కాలని పెట్రోలు పోయి డబ్బాలో పడుతోందట.

"సార్, మీరు బండి ఎట్టా తోల్తారు?"

"జాగ్రత్తగా. తొందరగా టాప్ గేరులో వేసి, నలభై దాటకుండా పోతాను. పెట్రోలు కలిసొస్తుంది."

"ఎంత దూరం?"

"జువ్వలదిన్నె దాకా."

అతను మా ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, సార్ ఎప్పుడన్నా ఎవురినన్నా దాటుకోని పోయినాడా?"

"ఒకసారి ట్రాక్టరును దాటినాడు నాయనా. అది ఆగి ఉండాది."

షాపులో పనిచేసేవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. జాగ్రత్త అనుకుని నేను చేసిందే ఆ డబ్బాను పాడు చేసిందట. అది బాగా వేడెక్కితే తనలో పట్టిన మసిని తానే కాల్చుకుంటుంది. నా చేతిలో అది ఒక్కనాడూ వేడెక్కలేదు.

ప్లగ్గులు నాలుగూ మార్చాడు. ఎయిర్ ఫిల్టరు మార్చాడు. చివరికి మందుచీటీ చెప్పినట్టు చెప్పాడు. "హైవే ఎక్కండి. మూడో గేరు దాటొద్దు, డెబ్భైకి తగ్గొద్దు. ఇంజను అరుస్తాది, అరవనియ్యండి. అర్ధగంట పోయి రాండి. తర్వాత ఎండుగడ్డి మీద మాత్రం ఆపబాకండి, అడుగున డబ్బా నిప్పు మాదిరి ఉంటాది. బాగయిందా, సంతోషం. కాలేదా, ఇంక నేను కోసేదే, మీరు తుక్కుకు ఏసేదే."

శనివారం ఉదయం జువ్వలదిన్నె వైపు కాకుండా హైవే వైపు తిప్పాను. మా ఆవిడ రానవసరం లేదన్నాను. "మీరు నలభైలో పోయి, డెబ్భైలో పోయినానని రాసుకుంటే?" అని ఎక్కి కూర్చుంది. నేను డైరీలో అబద్ధం రాయనని ఆమెకు తెలుసు. అయినా అన్నది.

నెల్లూరు వైపు దారి ఖాళీగా ఉంది. మూడో గేరులో వేసి కాలు నొక్కాను. యాభై దాకా మామూలుగానే ఉంది. అరవై దాటాక ఇంజను ఎత్తిన గొంతు నేను ఆ కారులో ఎన్నడూ వినలేదు. చెయ్యి దానంతటదే గేరు మీదికి పోతోంది. పోయినప్పుడల్లా మా ఆవిడ దాని మీద కొడుతోంది.

"ఇది పేలిపోతుందేమో" అన్నాను.

"పేలితే ఇద్దరం ఒక చోటికే పోతాం. తోలండి" అని, కిటికీ పైనున్న పిడి పట్టుకుని, చర్చి పాట ఒకటి అందుకుంది. ఇంజను అరుపు మీద వినపడాలని గట్టిగా పాడింది. ముందు ఒక లారీ. దాని వెనకే ఉండిపోదామని నా కాలు లేచింది. "దాటండి!" అంది పాట మధ్యలో ఆపి. దాటాను. లారీ డ్రైవరు మా ఇద్దరి నెరిసిన తలలు చూసి హారన్ కొట్టాడు, తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియదు.

కొంత దూరం పోయాక వాసన మొదలైంది. మామూలుగా వచ్చే దానికి రెండింతలు. మా ఆవిడ పాట ఆపి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు. నాకు జువ్వలదిన్నె వసారా, మంచం, దువ్వెన కనబడ్డాయి. అయిపోయింది, ఇక ఇంటికి తిప్పుదాం అనుకున్నాను. అయినా చెప్పింది అర్ధగంట కాబట్టి కాలు తియ్యలేదు. కొడవలూరు దాటి వెనక్కి తిరిగి వస్తుండగా, ఎక్కడని చెప్పలేను, మా ఆవిడ కొంగు తీసి రెండుసార్లు గాలి పీల్చింది. మళ్లీ పాట అందుకుంది.

హైవే దిగి మా ఊరి రోడ్డెక్కితే దారంతా వరిగడ్డి పరిచి ఉంది. కోతలైన రోజులు. నేను దూరంగానే ఆపి, మట్టి నేల మీద నిలబెట్టాను. గడ్డి తిరగేస్తున్న ఒకామె కేకేసింది.

"పరవాలేదు పెద్దాయనా, తొక్కించుకోని పో!"

"కారు అడుగున నిప్పులా ఉందమ్మా. గడ్డి అంటుకుంటుంది."

"కారు కడుపులో నిప్పేంది? యాడన్నా విన్నావా ఈ మాట!" అని పక్కామెతో చెప్పి నవ్వి, అయినా గడ్డి అటూ ఇటూ లాగి, చక్రాలు పోయేంత దారి చేసింది.

వంతెన వచ్చింది. రెండో గేరు వెయ్యబోతూ ఆగి, మూడులోనే ఉంచాను. కారు మూలగకుండా ఎక్కింది.

సోమవారం మళ్లీ పొగ పరీక్ష వ్యాను దగ్గరికి వెళ్లాను. ఆ మనిషి కంప్యూటర్ రెండుసార్లు చూశాడు. "లిమిట్ లోపలే ఉండాది సార్, అంచున. కొత్తది ఏయించినారా?" లేదని చెప్పాను. నేను చెప్పింది విని, నమ్మలేదని తెలిసేలా తలాడించి, కాగితం తీసి ఇచ్చాడు. ఆ కాగితంతో రెన్యువల్ ఆఫీసుకు వెళ్తే, ఇన్‌స్పెక్టరు లైట్లు వేయించి, బ్రేకులు చూసి, ఇంకో ఐదేళ్లకు రాసిచ్చాడు. మెకానిక్ మాత్రం అంత దూరం మాట ఇవ్వలేదు. "ఏడాదో రెండేళ్లో సార్. నెలకు రెండుసార్లు హైవే మీద అరిపిస్తా ఉంటే" అన్నాడు.

ఆ బుధవారం జువ్వలదిన్నెలో కారు దిగుతూనే వదిన ముందు నిలబడ్డాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను, చెప్పేలోపే ఆమె అందుకుంది. మా ఆవిడ ముందురోజే ఫోనులో అంతా చెప్పేసిందట.

"ఏం మరిదీ, నా నెత్తళ్లకు బెయిలు దొరికిందా?"

"కేసే కొట్టేశారు వదినా."

"కొట్టేస్తే సరా? ఇన్ని దినాలు జైల్లో పెట్టినందుకు?" అని కోడలిని కేకేసింది. ఒకటి కాదు, మూడు పొట్లాలు వచ్చాయి. నెత్తళ్లు, ఎండు రొయ్యలు, ఇంకేదో పెద్ద చేప ఎండు ముక్కలు. నేనే తీసుకెళ్లి సీటు మీద పెట్టాను, డిక్కీలో కాదు.

మా ఆవిడ అక్క తలకు పోసి, తుడిచి, దువ్వుతుంటే మాటల్లో హైవే సంగతి వచ్చింది. నెలకు రెండుసార్లు గట్టిగా తోలాలని మెకానిక్ చెప్పాడంటే వదిన మెడ తిప్పి నా వైపు చూసింది.

"అయితే నన్నూ ఎక్కించు. నేను హైవే చూసి ఏడాది దాటింది."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను వదిన కొడుకు వైపు చూశాను. పడవ పోని రోజు కాబట్టి అతను ఇంట్లోనే ఉన్నాడు. తల్లిని చంటిబిడ్డలా ఎత్తి, మా ఆవిడ ఎప్పుడూ కాళ్లు చాపుకునే ముందు సీటులో కూర్చోబెట్టాడు. తుంటి కింద దిండు పెట్టాం. మా ఆవిడ వెనక సీటులో, నెత్తళ్ల పక్కన, అడ్డంగా కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

హైవే ఎక్కి మూడో గేరులో వేశాను. వదిన అద్దం పూర్తిగా దించేసింది. పొలాలు కోసి ఉన్నాయి, అక్కడక్కడా గడ్డివాములు. ఆమె అన్నిటినీ చూస్తోంది, పేర్లు చెబుతోంది, ఇక్కడ వంతెన ఎప్పుడు కట్టినారు అని అడుగుతోంది. అప్పుడే దువ్వి కట్టిన ముడి గాలికి ఊడి, తెల్ల జుట్టు సీటు మీదుగా వెనక్కి ఎగురుతోంది.

"అక్కా, అద్దం ఎయ్యి. అంతసేపు దువ్వినా, మొత్తం చెదిరిపోయింది!" అంది మా ఆవిడ వెనక నుంచి, ఆ జుట్టును చేత్తో పట్టుకుంటూ.

"మళ్లా దువ్వుదువులే" అంది వదిన. ఇంజను అరుస్తోంది. నా చెయ్యి అలవాటుగా గేరు మీదికి పోయింది. ఆమె చూసింది.

"మరిదీ, గేరు మార్చబాక."